మబ్బుల మీద మానుకోట మాట

భూపాలపల్లి,
18 సెప్టెంబరు 2011

జావేద్ భాయ్,

గనుల్లో సమ్మె మొదలైంది. సైరన్ వేళకు మోగుతూనే ఉంది గానీ ఎవరూ లోపలికి దిగడం లేదు. ఉద్యోగం వచ్చాక ఇన్ని రోజులు వరసగా బొగ్గు దుమ్ము లేని చొక్కా తొడగడం నాకు ఇదే మొదలు. పొద్దున గేటు దగ్గర పాటలు, వంటలు, ఉపన్యాసాలు. ఎండెక్కితే పోయి రోడ్డు మీద కూర్చుంటాం. ఈసారి తెలంగాణ రాకుండా ఎవరూ ఆపలేరని చిన్న పిల్లలు కూడా అంటున్నారు.

మొన్న జనగామ వెళ్ళి మీ అమ్మను చూశాను. హసన్ బీ అమ్మ ఎప్పటిలాగే నన్ను గుమ్మంలోనే ఆపి, మొఖం చూసి, "గింత చిక్కినవేందిరా? సమ్మెల అన్నం పెడ్తలేరా?" అంది. మీ చెల్లి ఫిజా కుట్టు దుకాణం బాగా నడుస్తోంది. ఇప్పుడు కుట్టేవన్నీ గులాబీ కండువాలేనట.

అమ్మ అడిగిందే నేనూ అడుగుతున్నాను. డిసెంబరుతో నీ ఇరవై ఏళ్ళ నౌకరీ అయిపోతుంది గదా? ఇంటికి వచ్చేస్తున్నావా, లేదా? హాస్టల్‌లో ఒకే దుప్పటి కింద పడుకున్నప్పుడు జనగామలోనే బతుకుదామని ఇద్దరం అనుకున్నాం. నేను భూపాలపల్లి దాకా వచ్చాను, నువ్వు ఆకాశం దాకా పోయావు. ఫోన్‌లో అడిగితే నవ్వి మాట దాటేస్తావు. అందుకే కాగితం మీద అడుగుతున్నాను.

హరీశ్


కేరాఫ్ 56 ఎ.పి.ఓ.,
25 సెప్టెంబరు 2011

ప్రియమైన హరీశ్,

నేనున్న ఊరి పేరు రాయకూడదు. ఉత్తరాన ఉన్నాను, చలిగా ఉంది. ఇంతవరకు రాయవచ్చు.

అడిగావు కాబట్టి దాచను. ఇంకొన్నేళ్ళు ఉండమని మా అధికారులు అడిగారు. ఎందుకో నీకు అర్థం కావాలంటే నా పనేమిటో చెప్పాలి. మాది ఆకాశంలో ఇంధనం పోసే విమానం. దాని పొట్ట నిండా ఇంధనమే. తోకలో, వెనక్కి చూస్తూ కూర్చునే చిన్న గది నాది. మేం పొడవాటి గొట్టాలు గాలిలోకి వదులుతాం, ఒక్కోదాని చివర ఒక బుట్ట వేలాడుతుంది. ఫైటర్ వెనక నుంచి వచ్చి, ముక్కు పక్కనున్న కడ్డీని ఆ బుట్టలోకి గుచ్చాలి. అప్పుడు ఇంధనం పారుతుంది. ఎప్పుడు రావాలో, ఎప్పుడు వెనక్కి తగ్గాలో తోకలో నుంచి చెప్పేది నేనే.

ఇక్కడి కొండల మీద గాలి పలుచన. ఫైటర్లు నిండా ఇంధనం పోసుకుంటే బరువుకు లేవలేవు. అందుకే సగం కడుపుతో లేచి, పైకొచ్చి మా దగ్గర తాగి, సరిహద్దు వెంబడి తిరుగుతాయి. మా విమానాలేమో కొన్నే. వాటిని పెంచాలని, కొత్తవి కొనాలని మాట నడుస్తోంది. విమానాలు కొంటే వస్తాయి గానీ తోకలో కూర్చునే మనిషి ఏళ్ళ మీద గానీ తయారు కాడు. కొత్తవాళ్ళకు నేర్పడానికి ఉండమంటున్నారు. నేనింకా ఏమీ చెప్పలేదు. అమ్మకు ఈ సంగతి తెలియనివ్వకు.

ఒక మాట రాయాలా వద్దా అనుకుంటూనే రాస్తున్నాను. మొన్న క్యాంటీన్ బయట నీతో ఫోన్‌లో మాట్లాడుతున్నాను చూడు, "ఏంరా, ఎట్లున్నవ్, సమ్మె ఎంతదాంక వచ్చింది" అని. అప్పుడొక కుర్ర పైలట్ పోతూ పోతూ ఆగి, నా మాట వింటూ నవ్వాడు. ఛాతీ మీది పేరు చూశాను, కోస్తా ఇంటిపేరు. సినిమాల్లో మన మాట విని నవ్వే నవ్వే అనుకున్నాను. ఆఫీసరు కాబట్టి ఏమీ అనలేక మొఖం తిప్పుకున్నాను. ఇంత దూరమొచ్చినా ఈ నవ్వు తప్పలేదురా.

జావేద్


భూపాలపల్లి,
1 అక్టోబరు 2011

జావేద్,

నీ ఉత్తరం చదివి కోపమొచ్చింది, దాచడం దేనికి? నువ్వు అక్కడ విమానాలకు ఇంధనం పోస్తూ ఉండు, వాళ్ళు నిన్ను చూసి నవ్వుతూ ఉండనీ. ఇక్కడ మన రాష్ట్రం కోసం ఊళ్ళకు ఊళ్ళు రోడ్ల మీదికి వస్తుంటే, ఎన్నడూ తండా దాటని మా అవ్వ నీలి కూడా మానుకోట స్టేషన్ దగ్గర పట్టాల మీద కూర్చుంది. నువ్వు మాత్రం ఇంకొన్నేళ్ళు ఉంటానంటున్నావు.

ఆ పైలట్ నవ్వితే నవ్వనీలే. మన మాట విని నవ్వే రోజులు చెల్లిపోతున్నాయి. మళ్ళీ కలిస్తే ఆ మాటే అతని మొఖం మీద చెప్పు.

నా చేతికి చిన్న దెబ్బ తగిలింది. అందుకే ఈ అక్షరాలు వంకరగా ఉన్నాయి. ఎట్లా తగిలిందని అడగకు.

హరీశ్


కేరాఫ్ 56 ఎ.పి.ఓ.,
9 అక్టోబరు 2011

హరీశ్,

ఇది ఎవరికైనా చెప్పకపోతే నేను బతకలేను. చెప్పకూడనివి వదిలేసి మిగతాది రాస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం పైన ఉన్నాం. రెండు ఫైటర్లు దిగవలసిన చోటు ఒక్కసారిగా మంచు మబ్బులో మునిగిపోయింది. దూరంగా ఉన్న మరో రన్‌వేకు పోవాలంటే వాటికి ఇంధనం చాలదు. దగ్గరలో ఉన్న ట్యాంకర్ మాదొక్కటే. మేం వాటి వైపు పోయాం. అక్కడ గాలి మమ్మల్నే ఎత్తి కుదేస్తోంది. మొదటి విమానం ఎట్లాగో తాగి పక్కకు తప్పుకుంది. రెండో అతను వచ్చాడు. బుట్ట గాలిలో పిచ్చిగా ఊగుతోంది. అతను గుచ్చబోతాడు, అది పక్కకు పోతుంది. మళ్ళీ వెనక్కి తగ్గుతాడు, మళ్ళీ వస్తాడు. రేడియోలో అతని ఊపిరి నాకు వినిపిస్తోంది.

అప్పుడు వచ్చిందిరా ఆ గొంతు. ఇంగ్లీషు కాదు, హిందీ కాదు.

"అన్నా, నా కండ్లు తిరుగుతున్నయ్. జర జూసి చెప్పే."

రేడియోలో సొంత భాష మాట్లాడకూడదు. అదేమీ గుర్తుకు రాలేదు. నా నోట్లోంచి కూడా తెలుగే వచ్చింది. "బుట్టను జూడకు సార్. మా విమానం పొట్ట మీది గీతను జూడు. బుట్ట సంగతి నాకిడిసిపెట్టు. మెల్లగ రా. పరేషాన్ గాకు. ఇంక జర. ఇంక జర."

కడ్డీ బుట్టలో పడింది. ఇంధనం పారడం మొదలైంది. ఆ కాసేపట్లోనే అతను చిన్నగా నవ్వాడు. అదే నవ్వు, క్యాంటీన్ బయట విన్నది.

"నాది మానుకోటనే అన్నా. మొన్న నీ మాట విని పానం లేసొచ్చింది. పలకరిద్దామంటే నువ్వు మొఖం తిప్పుకుంటివి."

నేను జవాబు చెప్పబోయాను. ఇంతలో మా విమానం ఒక్కసారి అగాధంలో పడ్డట్టు కిందికి జారింది. గొట్టం పాములా మెలిక తిరిగి విరుచుకుపడింది. కడ్డీ విరిగిపోయింది. తెల్లటి ఇంధనం అతని అద్దాల మీద, ఇంజన్ నోట్లో పడడం నా కళ్ళతో చూశాను. అతని విమానం మా తోక మీదికే వస్తోంది. అంత దగ్గరగా నేను ఏ విమానాన్నీ చూడలేదు.

"అన్నా, ఇంజను ఆగింది. మీరు పైకి పోండ్రి, నేను కిందికి పోత."

అంతే. విమానాన్ని కిందికి తిప్పుకుని మబ్బులోకి వెళ్ళిపోయాడు. మాలో ఎవరికీ గీటు కూడా పడలేదు.

మబ్బు సందులో పారాచూట్ విచ్చుకోవడం చూశానని మొదటి పైలట్ అంటున్నాడు. హెలికాప్టర్లు వెతుకుతున్నాయి. కింద అంతా మంచు. అతని పేరు శశిధర్. నమాజ్‌లో కూర్చుంటే ఆ పేరే నోటికి వస్తోంది. దొరుకుతాడు గదా హరీశ్? దొరికితే ముందు నేనే పోయి పలకరిస్తాను.

జావేద్


జనగామ,
16 అక్టోబరు 2011

జావేద్ భాయ్,

నీ దగ్గర నుంచి ఉత్తరం లేదు. సమ్మెలో రైళ్ళు ఆగుతున్నాయి కాబట్టి ఎక్కడో చిక్కుకుని ఉంటుంది. మీ ఇంటి నుంచే రాస్తున్నాను.

నిన్న జనగామ చౌరస్తాలో రాస్తారోకో. నన్నూ రమ్మన్నారు. రోడ్డుకు అడ్డంగా బండలు పెట్టి, టైర్లు కాల్చి కూర్చున్నాం. హైదరాబాద్ వైపు నుంచి మిలటరీ బండి ఒకటి, దాని వెనక రెండు కార్లు వచ్చి ఆగాయి. ముందు బండికి పూలదండలు, లోపల జెండా కప్పిన పెట్టె. మాలో సగం మంది లేచి నిలబడ్డారు. మిగతావాళ్ళకు అది ఏమిటో ఇంకా తెలియదు.

వెనక కారులో నుంచి ఒక పెద్దమనిషి దిగి, బండిలో కూర్చున్న ఆఫీసరుతో గట్టిగా అంటున్నాడు. "ఇటు వద్దండీ. వీళ్ళు పోనివ్వరు. ఇక్కణ్ణుంచి సూర్యాపేట రోడ్డు పట్టుకుంటే గుంటూరు పోవచ్చు. మా ఊళ్ళోనే చేద్దాం."

ఆ యాస వినగానే మా వెనక నుంచి ఎవరో అరిచారు. "ఆంధ్రోళ్ళ బండ్లు! పోనియ్యకుండ్రి!"

ఇక్కడి కమిటీలో భిక్షపతి అని ఉన్నాడు, ఆటో నడుపుతాడు. అతను ఆ అరిచినవాణ్ణి వెనక్కి నెట్టి, "శవం బండిరా అది! దవాఖాన బండ్లు ఇడుస్తలేమా? గిది గూడ ఇడుసుడే" అన్నాడు. నేను ఆఫీసరు దగ్గరికి పోయి ఎవరు సార్ అని అడిగాను. ఆయన కాగితం చూసి చదివాడు. "ఫ్లైట్ లెఫ్టినెంట్ యలవర్తి శశిధర్. మహబూబాబాద్."

మన మానుకోటలో ఆ ఇంటిపేరు ఒక్క ఇంటిదే భాయ్.

మా తండా పక్క కాలువ అవతల మిరప తోటలున్న రామకోటయ్య గుర్తున్నాడా? నలభై ఏళ్ళ కింద గుంటూరు వైపు నుంచి వచ్చి భూమి కొనుక్కున్నాడు. మా అవ్వ ఆయన తోటలోనే కూలికి పోయేది. ఆయనకు లేక లేక పుట్టినవాడు చిన్నబాబు. మా అవ్వ వాణ్ణి చంకనెత్తుకునే మిరపకాయలు ఏరేది. వాడు ఆమెను మాలాగే, అమ్మా అని మా లంబాడీ మాటలో, "యాడీ" అనేవాడు. కాలువలో ఈత నేర్పింది నేను. మిలటరీలో ఏదో చేస్తున్నాడని విన్నాను గానీ ఫైటర్ నడుపుతాడని నాకు తెలియదు. బడిలో వేసిన పెద్ద పేరు నాకు నోరు తిరిగేది కాదు. శశిధర్ అంటే చిన్నబాబే.

బండి ముందు సీట్లో చూశాను. రామకోటయ్య కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో కొడుకు టోపీ. నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది.

"జైసింగ్ కొడుకువు కదూ?" అన్నాడు. "అవును పెద్దయ్యా" అన్నాను.

"మమ్మల్ని ఇంటికి పోనివ్వండి బాబూ."

ఇల్లు అన్నాడు భాయ్. గుంటూరు పేరు ఎత్తలేదు. వెనక నుంచి ఆ బంధువు ఇంకా ఏదో చెబుతున్నాడు. ఆయన తల కూడా తిప్పలేదు.

బండలు తీయమని ఎవరూ చెప్పలేదు. ఆ అరిచినవాడే అందరికంటే ముందు పోయి ఒకటి ఎత్తాడు. భిక్షపతి తన ఆటో ముందు పెట్టాడు, నేను అందులో ఎక్కాను. పాలకుర్తి, తొర్రూరు, ఎక్కడ ఆపినా అతను దిగి ఒక్కటే మాట. "మానుకోట పోరడు. సైన్యంల సచ్చిపోయిండు. తొవ్వ ఇడువుండ్రి." ప్రతి చోటా దారి ఇచ్చారు. ఒక చోట ఆడవాళ్ళు ధర్నాలో పేర్చిన బతుకమ్మ పూలే తెచ్చి బండి మీద వేశారు.

మిరప తోట గట్టు మీదే దహనం చేశారు. తుపాకులు పేలినప్పుడు మా అవ్వ నీలి నా చొక్కా పట్టుకుని, మా భాషలో వాణ్ణి పేరు పెట్టి పిలుస్తూనే ఉంది. వాళ్ళమ్మ సుశీలమ్మ మాత్రం ఒక్క చుక్క కన్నీరు కార్చలేదు. ఆమెను చూస్తే భయమేసింది.

ఎట్లా చనిపోయాడో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఆకాశంలో ఇంధనం పోసుకుంటుంటే ప్రమాదం అన్నారట, అంతే. నీది కూడా అదే పని గదా. నీకేమైనా తెలుసా? నువ్వు బాగున్నావని ఒక్క ముక్క రాయి. అమ్మ నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు.

హరీశ్


కేరాఫ్ 56 ఎ.పి.ఓ.,
27 అక్టోబరు 2011

హరీశ్,

నా ఉత్తరం ఈపాటికి అంది ఉంటుంది. అంది ఉంటే నీకు ఇంకేమీ చెప్పనక్కరలేదు.

నువ్వు ఈత నేర్పిన పిల్లవాడని తెలిశాక మళ్ళీ చదివాను నీ ఉత్తరం. మళ్ళీ చదవలేను.

విచారణ అయిపోయింది. వాతావరణం తప్ప ఎవరి తప్పూ లేదన్నారు. నా భుజం మీద చెయ్యి వేశారు. కానీ దగ్గరికి రా, ఇంక జర, ఇంక జర అని పిలిచింది నేను. ఆ పిలుపు నా చెవుల్లో నుంచి పోవడం లేదు. వచ్చేస్తాను హరీశ్. డిసెంబరులో కాగితాలు పెట్టేస్తాను. ఈ తోక గదిలో ఇక కూర్చోలేను.

వాళ్ళకు చెప్పకు. ఆ తల్లికి నా పేరు చెప్పకు.

జావేద్


మహబూబాబాద్,
10 నవంబరు 2011

జావేద్ భాయ్,

నువ్వు చెప్పకు అన్నావు. నేను చెప్పాను. తిట్టుకో, కానీ అంతా చదివాక తిట్టు.

నీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు చేతికి వచ్చాయి. చదివి భూపాలపల్లిలో ఉండలేకపోయాను. సమ్మె ముగిసి మేం మళ్ళీ గనిలోకి దిగుతున్నాం. సెలవు పెట్టి తండాకు వచ్చాను. బాపుకు చదివి వినిపించాను. మా బాపు మళ్ళీ ఒకసారి చదవమన్నాడు. తర్వాత "పిల్లగాని ఆఖరి మాట తల్లికి జేరాలె. గా మాట మనకాడ ఉంచుకునే హక్కు మనకు లేదు" అన్నాడు.

జనగామ పోయి మీ అమ్మకు కూడా చెప్పాను. ఎట్లాగూ ఆమె నా మొఖం చూసి పట్టేసింది. ఒక్క ప్రశ్న కూడా వేయకుండా బుర్ఖా తొడుక్కుని, "పా, నేనొస్త" అంది. బాపు, మీ అమ్మ, నేను ముగ్గురం కలిసి రామకోటయ్య ఇంటికి వెళ్ళాం.

సుశీలమ్మ వరండాలో కూర్చుని ఉంది. కొడుకు పోయిన రోజు నుంచి ఎవరితోనూ మాట్లాడడం లేదట. నేను చెప్పడం మొదలుపెట్టాను. మబ్బు, బుట్ట, గాలి, అన్నీ. ఆమె నా వైపు చూడలేదు. వాడు తెలుగులో పిలిచాడన్నప్పుడు మాత్రం తల ఎత్తింది.

"ఏమన్నాడు?"

చెప్పాను.

"సరిగ్గా అట్లాగే అన్నాడా?"

"గట్లనే అన్నడమ్మా."

ఆమె రామకోటయ్య వైపు తిరిగింది. "వాడు ఇంట్లో ఆ మాట మాట్లాడితే నేను ఊరుకునేదాన్ని కాదు. మన మాట మాట్లాడరా, ఈ కూలివాళ్ళ మాటలేంటి అని నెత్తిన మొట్టేదాన్ని. నా దగ్గర ఎప్పుడూ నా మాటే మాట్లాడేవాడు, నవ్వుతూ. మా అమ్మగారికి కోపం వస్తుంది అనేవాడు నన్ను." ఆగింది. పెదాలు కదిలాయి. గుంటూరు నోటితో, తడబడుతూ, ఒక్కొక్క ముక్కే కూడబలుక్కుంటూ అంది. "మీరు పైకి పోండ్రి... నేను కిందికి పోత."

అప్పుడు ఏడ్చింది భాయ్. ఆ ఏడుపు విని కాలువ అవతల నుంచి మా అవ్వ పరిగెత్తుకొచ్చింది. మీ అమ్మ పోయి సుశీలమ్మ తలను తన ఒళ్ళోకి తీసుకుంది. ఏ భాషలో ఓదార్చిందో నాకు తెలియదు, ఉర్దూ, తెలుగు అన్నీ కలిసిపోయాయి. ముగ్గురు ఆడవాళ్ళూ నేల మీదే కూర్చుండిపోయారు.

రామకోటయ్య మమ్మల్ని పెరట్లోకి తీసుకుపోయాడు. అక్కడి నుంచి దహనం చేసిన గట్టు కనబడుతుంది. కొంచెం సేపటికి బాపును అడిగాడు. "జైసింగ్, రాష్ట్రం వస్తే మమ్మల్ని ఉండనిస్తారా?"

ఇన్ని రోజులు రోడ్డు మీద నేను ఇచ్చిన నినాదాలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. బాపు మాత్రం వెంటనే అన్నాడు. "ఎవడు పొమ్మంటడు పెద్దయ్యా? రాష్ట్రం మాక్కావాలె, వచ్చేదాంక అడుగుతం. గానీ నీ కొడుకు ఈ మట్టిల గలిసిండు. నువ్వు పోతనన్నా మేం పోనియ్యం."

వచ్చేసేటప్పుడు సుశీలమ్మ నన్ను పిలిచింది. "ఆ అబ్బాయిని ఒకసారి రమ్మను. నేనేమీ అడగను. మావాడు ఒంటరిగా పోలేదు, పక్కన ఒక మనిషి గొంతు ఉంది. ఆ గొంతు నేను వినాలి. ఇంకో సంగతి కూడా చెప్పు. ఆ పని మానేస్తానన్నాడట. రేపు పైన ఇంకెవరి బిడ్డకో కళ్ళు తిరుగుతాయి. అప్పుడు ఎవరు మాట్లాడతారు వాడితో?"

నిన్ను ఇంటికి వచ్చెయ్యమని కొట్లాడింది నేనే. ఇప్పుడు ఆమె మాటకు ఎదురు చెప్పలేకపోతున్నాను.

హరీశ్


కేరాఫ్ 56 ఎ.పి.ఓ.,
2 డిసెంబరు 2011

హరీశ్,

తిట్టలేదు. నీ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

నిన్న మా అధికారికి చెప్పాను, ఉంటానని. కొత్త విమానాలు ఎప్పుడు వస్తాయో, అసలు వస్తాయో రావో ఇక్కడ ఎవరికీ తెలియదు. కుర్రాళ్ళు మాత్రం వచ్చేశారు. నాతో పాటు తోకలో కూర్చుంటున్నారు. మొదటి రోజు రేడియోలో దగ్గరికి రా అనడానికి తడబడ్డాను, వాళ్ళు చూశారు. దాచుకోలేదు. ఎందుకో చెప్పాను.

సెలవు దొరికింది. ఇరవయ్యో తారీఖు రైలు. అమ్మ కోపగించుకోదు, ముందు మానుకోటకే పొమ్మని తనే ఫోన్ చేసింది. జనగామకు తర్వాత వస్తాను.

ఒకటే భయంరా. నాకొచ్చే తెలుగు ఒక్కటే, అది వాడు మాట్లాడిన తెలుగే. నేను నోరు తెరవగానే ఆమెకు కొడుకు వినిపిస్తే? తట్టుకుంటుందా? తట్టుకోలేకపోతే నేనేం చెయ్యాలి?

స్టేషన్‌కు రా. ఆ గడప నేనొక్కణ్ణే ఎక్కలేను.

జావేద్